పిండకూడని సంచి

మా పెద్దవదినను వీధిలో అందరూ గుండీలమ్మ అంటారు. బట్టలు కుట్టడం ఆమె పని. బడికి పరుగెత్తే పిల్లల చొక్కాకు గుండీ ఊడితే ఆమె కిటికీ ముందు ఆగుతారు. చొక్కా ఒంటిమీద ఉండగానే నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తుంచి, "పో పో, గంట కొట్టేస్తారు" అని తరుముతుంది. ఇంతవరకూ దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. అలాంటి మనిషి కడుపులోకి అసూయ ఎలా వచ్చి కూర్చుందో ఇక్కడ రాస్తున్నాను. కొంత నేను కళ్లారా చూసినదే. మిగతాది తనే చెప్పింది, రాసుకోమని కూడా తనే అంది.

మా పుట్టింటి పెరట్లో నల్లద్రాక్ష పందిరి ఉంది. ఏటా కాయ పండాక ఒక ఆదివారం అందరం చేరి జెల్లీ వండుతాం. ఆ రోజుకు ఎన్ని పనులున్నా మానుకుని నేనూ వెళ్తాను. అమ్మ కుర్చీలో కూర్చుని పనులు పురమాయిస్తుంది. పెద్దన్నయ్య నిచ్చెన ఎక్కి గుత్తులు కోస్తాడు. చిన్నన్నయ్య సీసాలు వేడినీళ్లలో మరిగిస్తాడు. గరిటె మాత్రం పెద్దవదినది. పద్దెనిమిదేళ్లుగా ఆ పొడుగాటి చెక్క గరిటెను ఇంకొకరు ముట్టుకోలేదు. ఉడుకుతున్న పాకం చుక్క ఒకటి చల్లని పళ్లెంలో వేసి, వేలితో నెట్టి చూస్తుంది. చుక్క ముడత పడితే "నిలిచింది" అంటుంది. ఆ మాట ఆమె నోట వచ్చేదాకా పొయ్యి ఆర్పే అధికారం అమ్మకు కూడా లేదు.

జెల్లీ అద్దంలా ఉండాలి, అదీ ఆమె పట్టుదల. ఉడికించిన పండ్లను తను కుట్టిన పలచని బట్ట సంచిలో పోసి, తిరగేసిన స్టూలు కాళ్లకు కట్టి వేలాడదీస్తుంది. రసం దానంతటదే చుక్కచుక్కగా కింద గిన్నెలోకి దిగాలి. ఆగలేక పిండితే గుజ్జు కూడా దిగి జెల్లీ మడ్డిగా తయారవుతుంది. అందుకే ఆ సంచి దరిదాపులకు ఎవరినీ రానివ్వదు.

కిందటేడు చివర్లో చిన్నన్నయ్య పెళ్లయింది. చిన్నవదిన మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పిల్ల ఉన్నచోట నవ్వులే నవ్వులు. ఆదివారం పొద్దున ఇంకా గుత్తులు కోస్తుండగానే అమ్మ అంది:

"పెద్దమ్మాయ్, ఈసారి గరిటె చిన్నదానికియ్యి. నీ భుజం ఎలాగూ పైకి లేవడం లేదు. అదీ నేర్చుకోవాలిగా."

"అలాగే అత్తయ్యా" అంది పెద్దవదిన. గరిటె కడిగింది, తుడిచింది. తుడిచినదాన్నే మళ్లీ కడిగింది.

అమ్మ మనసులో ఏ వంకరా లేదు. మిషను తొక్కి తొక్కి కోడలి భుజం పట్టేసిందన్న జాలి తప్ప. కానీ పెద్దవదినకు ఆ మాట 'నీ పని అయిపోయింది' అన్నట్టు వినిపించింది. దానికి తోడు పెద్దన్నయ్య. రోజుకు లెక్కపెట్టి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, స్టూలుకు వేలాడుతున్న ఖాళీ సంచిని చూసి చిన్నవదిన "ఇదేంటక్కా, ఆవు పొదుగులా ఉంది! పితికేస్తే పోలా, ఎందుకింత ఆలస్యం?" అనగానే నిచ్చెన మీంచి పకపకా నవ్వాడు.

"పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను. ఆ నవ్వు అంత పెద్దదని నాకు తెలీదు" అని వదిన తర్వాత నాతో అంది.

అంతలో చిన్నవదిన కుళాయి దగ్గర కూర్చుని ద్రాక్ష కడుగుతూ, సరిగా పండని పచ్చికాయలను ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టసాగింది. పెద్దవదిన చూసింది. జెల్లీ గట్టిపడేది ఆ పుల్లకాయల వల్లే. మూడొంతుల పండుకు ఒక వంతు పుల్లకాయ పడకపోతే ఎంత ఉడికించినా అది నిలవదు. ఆ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఆమే కలిపేసేది.

"ఈ పుల్లవి తీసేస్తున్నానక్కా, పర్లేదా?"

నోటిదాకా వచ్చింది జవాబు. సరిగ్గా అప్పుడే పెద్దన్నయ్య, "అమ్మాయి ఎంత ఒద్దికగా ఏరుతోందో చూడు" అన్నాడు.

"నీ ఇష్టం. గరిటె నీదేగా" అని పెద్దవదిన లోపలికి వెళ్లిపోయింది.

పండ్లు ఉడికాయి, రసం సంచిలోంచి దిగింది. మధ్యాహ్నం వాలాక చక్కెర కలిపి పొయ్యి మీద పెట్టేముందు, అలవాటు ప్రకారం అందరం కళ్లు మూసుకుని నిలబడ్డాం. దేవుణ్ణి ఏమడగాలో ఆ రోజు పెద్దవదినకు తోచలేదట. చెడిపోవాలి అనడానికి నోరు రాలేదు, బాగుండాలి అనడానికి మనసు రాలేదు.

చుక్క పళ్లెంలో పడింది, నీళ్లలా జారింది. ఇంకాసేపు ఉడికించాక రెండో చుక్కా అంతే. ఆరో చుక్కకు చిన్నవదిన మాటలు ఆగిపోయాయి.

"సీసాలెందుకిక, గ్లాసులు తేనా? తాగేద్దాం" అన్నాడు చిన్నన్నయ్య. అందరం నవ్వాం, చిన్నవదిన తప్ప. ఆమె పెదవి బిగబట్టుకుని తిప్పుతూనే ఉంది.

"అక్కా, ఒక్కసారి మీరు చూడరూ?"

"నేను చూస్తే మాత్రం ఏముంది" అని పెద్దవదిన మిషను గదిలోకి నడిచింది. ఆమె కోరినదే జరుగుతోంది. అయినా ఆ పిల్ల ముఖం చూస్తూ అక్కడ నిలబడలేకపోయింది.

మిషను మీద పళ్లెం మూసిన గిన్నె ఒకటి ఉంది. తీసి చూస్తే పొద్దుటి పుల్లకాయలన్నీ అందులోనే ఉన్నాయి. తొడిమలు కూడా తీసి ఉన్నాయి. పక్కనే చిన్న కాగితప్పొట్లంలో ఉప్పు, మందుల దుకాణంలో పొడులు కట్టినట్టు మూలలు మడిచి. పందిరి కింద ఎవరూ చూడకుండా పుల్లకాయలు తినడం పెద్దవదినకు ఇష్టం. పెద్దన్నయ్యకే తెలియని ఆ ఇష్టాన్ని వచ్చి ఏడాది కాని పిల్ల కనిపెట్టింది.

ఒకటి నోట్లో వేసుకుంది. పులుపుకో దేనికో కళ్లలో నీళ్లు తిరిగాయి.

గిన్నె వంటింట్లోకి తెచ్చి, కాయలను కొద్ది నీళ్లతో రెండో పొయ్యి మీద పెట్టి, చిదుముతూ అంది:

"ఇవి పడకపోతే నిలవదు. పొద్దున కుళాయి దగ్గరే చెప్పాల్సింది. తెలిసే చెప్పలేదు."



"ఎందుకే?" అంది అమ్మ.

"గరిటె పోయిందని కడుపు మండింది అత్తయ్యా."

చిన్నవదిన గరిటె ఆపింది. "అవి మీ కోసం పెట్టానక్కా."

"ఉప్పు పొట్లం చూశాను."

"గంట నుంచి తిప్పుతున్నాను. ఏడుపొక్కటే తక్కువ. మీరు చూస్తూ ఊరుకున్నారు!"

"ఊరుకున్నాను."

చిన్నవదిన ముఖం ఎర్రబడింది. కోపం రావాల్సిందే, వచ్చింది. కానీ పుల్లకాయలు మెత్తబడ్డాయి, వడకట్టాలి. సంచిలో పోసి వేలాడదీస్తే రసం దిగేసరికి పొద్దుపోతుంది. అవతల పాకం అడుగంటేలా ఉంది. పెద్దవదిన సంచి వంక కాసేపు చూసింది. వేడి గుజ్జు అందులో పోసి మూతి బిగించింది.

"రా, పితుకుదాం."

చిన్నవదిన కదల్లేదు. తర్వాత ముక్కు ఎగబీల్చి, వచ్చి సంచి మూతి ఎత్తి పట్టుకుంది. భుజం లేవని చేత్తో పెద్దవదిన కింద నుంచి పిండింది. మడ్డి రసం జలజలా దిగి పాకంలో కలిసింది. అద్దంలాంటి రసం మబ్బు పట్టినట్టయింది.

కాసేపటికి పళ్లెంలో చుక్క ముడత పడింది. చిన్నవదిన తలెత్తింది.

"మీరు చెప్పండి."

"గరిటె ఎవరి చేతిలో ఉంది? నువ్వే చెప్పు."

"నిలిచింది" అంది చిన్నవదిన, సగం కోపంగానే. చిన్నన్నయ్య పొయ్యి ఆర్పాడు.

మొన్న వెళ్లినప్పుడు పెద్దవదిన కిటికీ దగ్గర ఒక సీసా కనిపించింది. గుండీ కుట్టించుకుంటున్న పిల్ల దానికేసి వేలు చూపి, "ఈసారి మబ్బుగా ఉందేంటి గుండీలమ్మా?" అని అడిగింది.

"పిండాను" అని దారం తుంచి, వేలెడు జెల్లీ నోట్లో పెట్టి పంపింది వదిన.

"పోయిందా వదినా, ఆ మంట?" అన్నాను.

"ఎక్కడ పోతుంది! నిన్న మీ అమ్మ చిన్నదాన్ని రెండుసార్లు మెచ్చుకుంది. నేను లెక్కపెట్టాను" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ మాట అంటుంటే చిన్నవదిన వెనకనుంచి ఆమె భుజానికి మందు రాస్తోంది.

"మూడుసార్లక్కా" అంది.