దేవుడి గూట్లో హంతకుడు

దేవుడి గూట్లో పుస్తకం లేదు.

పొద్దున దీపం పెడదామని వెళ్లి చూస్తే గూడు కడిగిన ముత్యంలా ఉంది. పసుపు రాసి, ముగ్గు వేసి, మంచిగా ఉన్న రెండు పటాలకూ చామంతులు పెట్టి ఉన్నాయి. అద్దం పగిలిన లక్ష్మీదేవి లేదు. చెదలు పట్టిన వినాయకుడు లేడు. మూలన ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్న ఆ లావు పుస్తకమూ లేదు. మర్నాడు మా అత్తకు గుండె ఆపరేషను. అందుకని ముందురోజే, అంటే ఆ సాయంత్రం నాలుగుకల్లా, మేముండే తిరుపతిలోనే ఆస్పత్రిలో చేర్చాలి. ఆ లోపల ఆమెకు ఆ పుస్తకంలోని చివరి భాగం చదివి వినిపించాలి.

పుస్తకం సంగతి చెప్పకపోతే నన్ను పిచ్చిదనుకుంటారు. దాని అట్ట మీద వెంకటేశ్వరస్వామి ఉంటాడు. లోపల మొదటి పేజీలోనే శవం ఉంటుంది.

మా అత్త వయసులో ఉన్నప్పుడు కాపురం ఐరాల దగ్గర పల్లెలో. అప్పట్లో ఒక వారపత్రికలో డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. కాఫీ తోటల యజమాని తన బంగళాలో, లోపల గడియ పెట్టుకున్న గదిలో చచ్చి పడి ఉంటాడు. పక్కన ముట్టని పాలగ్లాసు. అత్త వారం వారం ఆ పేజీలు కత్తిరించి, ట్రంకుపెట్టెలో దాచి, చివరికి దబ్బనంతో, పురికొసతో కుట్టి పుస్తకం చేసింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పనే అది. అయితే మా మామ 'నవలలు చదివే ఆడది సంసారం చేస్తుందా' అనే రకం. అందుకని అత్త పాత క్యాలెండరులో స్వామి బొమ్మ ఉన్న కాగితం తీసి అట్ట వేసి, తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేసింది. మామ బతికినన్నాళ్లూ రోజూ దానికీ అగరొత్తులు తిప్పాడు, పుణ్యాత్ముడు.

ఆ కథకు చివరి భాగం మాత్రం అత్తకు దక్కలేదు. ఆ వారం వాన పడి వంక పొంగింది, చిత్తూరు బస్సు రాలేదు, బస్సులో వచ్చే పత్రికలూ రాలేదు. పై వారం సంచికలో కొత్త సీరియల్ మొదలైపోయింది. ఆ నవల పుస్తకంగా వచ్చిన జాడ కూడా లేదు. చంపిందెవరో తెలియకుండానే మా అత్త ముసలిదైపోయింది.

నేను కోడలిగా వచ్చేనాటికి నాకూ ఇదే రోగం. శవం లేని నవల నాకు ఉప్పు లేని పప్పు. పెద్ద పెద్ద సాహిత్యాలు గొప్పవే, కాదనను. మధ్యాహ్నం అంట్లు తోమి కూర్చున్నాక నాకు కావలసింది మాత్రం తలుపు చాటున నీడ. చిన్నప్పుడు అద్దె పుస్తకాల అంగడిలో సగం నవలలకు చివరి పేజీలు ఉండేవి కావు. ఉన్నవాటిలో ఎవడో దౌర్భాగ్యుడు రెండో పేజీలోనే 'హంతకుడు వంటవాడు' అని పెన్నుతో రాసి పెట్టేవాడు. వాడు ఇప్పుడు కనిపించినా వదలను. మా అత్తకూ నాకూ మధ్య ఒక కట్టుబాటు ఉంది. చివరి పేజీ ముందుగా చూడటమంటే అన్నం ఎంగిలి చేసి వడ్డించడమే.

తిరుపతిలో ఫుట్‌పాత్ మీద, రేణిగుంట స్టేషను బయట, ఎక్కడ పాత పుస్తకాల కుప్ప కనిపించినా నేను గొంతుక్కూర్చుంటాను. చీర కొంగుకు దుమ్ము, చేతికి నిధి. ఏ కుప్పలో చెయ్యి పెట్టినా ఆ ఒక్క సంచిక కోసం వెతికేదాన్ని. కిందటి నెల చిత్తూరులో దొరికింది. మామిడి బుట్టల్లో పరచడానికి పాత కాగితాలు అమ్మే కొట్టు అది. పోటీ పరీక్షల గైడ్ల కింద నలిగి ఉంది. ఒక మూల ఎలుక కొరికింది. కొట్టాయన "ఊరికే తీసకపోమ్మా, ఎలకల పాలబడింది" అన్నాడు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను తప్ప తెరవలేదు.

చక్కెర జబ్బుతో అత్తకు కళ్లు మసక. అందుకని కథ మొదటి నుంచి రోజూ మధ్యాహ్నం నేనే చదివి వినిపించాను. ఇంక చివరి భాగం ఒక్కటే మిగిలింది. ఆ సంచికను కూడా పుస్తకంలోనే పెట్టాను. ఆస్పత్రికి వెళ్లే రోజు మధ్యాహ్నం చదవాలని అత్తే ముహూర్తం పెట్టింది. ఈ వయసులో ఏమైనా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. "సావంటే భయం ల్యా మే," అంది అత్త నాతో. "సంపిందెవరో తెలీకుండా మాత్రం నన్ను కత్తి కిందికి పంపొద్దు."

మరి పుస్తకం ఏమైనట్టు? మా ఆయన్ని వంటింట్లోకి లాగి అడిగాను.

"అక్క పొద్దున్నే మొదటి బస్సుకు పోయింది గదా," అన్నాడు. "పాత పటాలన్నీ సంచిలో ఏసుకోని పోయినాది. ఆపరేషన్ ముందర ఇంట్లో పగిలిన పటం, సినిగిన దేవుడు ఉండగూడదంట. స్వర్ణముఖి ఏట్లో ఇసక తప్ప ఏముండాది, మా బాయిలో ఇడిసి పెడతా అనింది."

అక్క అంటే ఆయన సొంతక్క, నాకు వదిన. ఐరాలలో సేద్యం, పాడి. అమ్మను చూడటానికి వచ్చి రెండు రోజులుండి ఇల్లంతా కడిగిపెట్టింది. ఆవుల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి మళ్లీ రాత్రికి వస్తానని వెళ్లింది. ఆమె ఉన్న రెండు రోజులూ మేము కథ ముట్టుకోలేదు. కూతురి ముందు చదవడం అత్తకు ఇష్టం లేదు. ఎందుకని నేను అడగలేదు.

ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు.

"ఆ చివరి పేజీ ఒక్కసారి సూసుంటే నోటితో సెప్పేసేదానివి గదా!" అన్నాడు మా ఆయన.

"నువ్వు నోరు మూసుకుని మీ అమ్మను చూసుకో," అని చెప్పి చెప్పులేసుకున్నాను. బ్యాంకు పనని అత్తకు అబద్ధం చెప్పాను.

ఐరాల పోవడానికి కాణిపాకం బస్సు ఎక్కాను. చంద్రగిరి దాటేలోపు పదిసార్లయినా ఫోను చేసుంటాను. వదిన బావి దగ్గరికి వెళ్లిపోయిందేమో, పసుపు కుంకుమ వేసి వదిలేసిందేమో, పాత వారపత్రిక కాగితం నీళ్లలో ఎంతసేపు ఆగుతుంది, ఇవే ఆలోచనలు. పాకాలలో డ్రైవరు టీకి దిగాడు. ఆ మనిషి అంత తీరిగ్గా టీ ఊదుకుంటుంటే వెళ్లి గ్లాసు లాక్కుందామనిపించింది. అప్పుడు ఫోను మోగింది. వదిన కాదు, అత్త.

"యాడుండావు?"

"బ్యాంకులో అత్తా, లైను పెద్దది."

"బ్యాంకులో 'పూతలపట్టు, పూతలపట్టు' అని ఎందుకు అరస్తా ఉండారు మే?" కండక్టరు కేక వినబడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాను. ఆమే అంది: "గూట్లో పుస్తకం ల్యా. ఇంట్లో నువ్వు ల్యా. నా కూతురు ఫోను ఎత్తదు. ఇన్నేండ్లు ఇట్లాటివి సదివి ఆ మాత్రం కలుపుకోలేనా?"

"తెచ్చేస్తాను అత్తా. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

"దాన్నేమీ అనొద్దు," అంది అత్త. "దేవుని పుస్తకమని దానికి సెప్పింది నేనే గదా."

కాణిపాకంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఐరాల పొలిమేరలో వదిన వాళ్ల చెరుకు తోట. గట్టు మీద పరుగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్లతో! బావిలోకి తొంగి చూస్తే నీళ్ల మీద పటాల చట్రాలు రెండు తేలుతున్నాయి. చుట్టూ చామంతి రేకులు. అంతా అయిపోయిందనుకున్నాను.

"మే, ఆ పాలగ్లాసు గదిలోకి తెచ్చిందెవరు?"

తిరిగి చూశాను. మోటారు గది మెట్టు మీద వదిన కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం. వేలు అక్షరం మీద పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతోంది. తలెత్తకుండానే అడిగింది ఆ మాట. నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

"ఫోను ఎందుకు ఎత్తలేదు వదినా?"

"ఫోనా? ఇనపడలా." అప్పుడు తలెత్తింది. "గంగలో ఇడిసే ముందర ఒక శ్లోకమన్నా సదువుదామని బస్సులో తెరిసినా మే. తెరిస్తే పీనుగ!"

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

"ఇది దేవుని పుస్తకం కాదని నీకు తెలుసునా?"

"తెలుసు."

"నా తమ్మునికి?"

"తెలుసు."

"అంటే నాకొక్కదానికే తెలీదు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయంగా ఉండేది. "నా పెండ్లికి మొదటి శుభలేఖ దీని ముందర పెట్టించింది మా అమ్మ. మా ఆయన్ను పాము కరిసినప్పుడు దీనికే ముడుపు కట్టినా. తమ్ముణ్ణి ఎత్తుకునేదానికి మనిషి లేదని ఏడో తరగతిలో నన్ను బడి మాన్పిచ్చినారు. వాణ్ణి సంకనేసుకోని నేను వాకిట్లో కూసుంటే, ఆమె లోపల తలుపేసుకునేది. అమ్మ పూజలో ఉండాది, బయట కూసో అనేది. పూజంట పూజ! నాకు సదవను వచ్చు గదా మే? ఒక్క ముక్క సెప్పింటే నేను నాయనకు సెప్పేదాన్నా?"

ఇన్నేళ్లలో మొదటిసారి మా అత్త మీద నాకు కోపం వచ్చింది.

వదిన లేచింది. పుస్తకం పట్టుకుని బావి ఒరకు నడిచి, చెయ్యి నీళ్ల మీదికి చాపింది. "ఏసేస్తా దీన్ని. పీడ పోతుంది."

ఆ కోపం న్యాయమైనది. ఏ మొహం పెట్టుకుని అడ్డుపడను? చెయ్యి అట్లాగే ఉంది. బావిలో పటం చట్రం గోడకు తగిలి టక్కుమంది. ఎంతసేపటికో ఆమె నా వైపు తిరగకుండానే అడిగింది.

"పీనుగను సూసిన ఆ డాక్టరమ్మ అబద్ధమాడతా ఉండాది, కాదా?"

ఆ సంగతి నాకు తెలుసు. ఇంకో నాలుగు భాగాలు దాటితే ఆమెకూ తెలుస్తుంది. "చెప్పను వదినా," అన్నాను. "చదువుకో."

కొరకొరా చూసింది. "అత్తాకోడండ్లు ఇద్దరూ ఒకటే జాతి," అని, పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. "పద."

తిరుగు బస్సులో సీటు దొరికిందే తడవు మళ్లీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆస్పత్రి చేరేసరికి అయిదు దాటింది. అత్తను అప్పటికే మంచం మీద పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. చూసేవాళ్లు ఆరింటికల్లా బయటికి వెళ్లాలని నర్సు చెప్పింది. వదిన గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఇడిసేసినావా బాయిలో?" అడిగింది అత్త.

"ల్యా."

"సదివినావా?"

"డాక్టరమ్మ సాక్ష్యం దాకా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఉన్నది గంట కూడా కాదు. నేను గబగబా పుస్తకంలోంచి ఎలుక కొరికిన ఆ సంచిక తీశాను. "అత్తా, చివరి భాగం చదివేస్తాను, విను," అన్నాను.

"నేను బయట కూసుంటాలే," అంది వదిన. "ఈడుంటే నాకు తెలిసిపోతుంది. అమ్మను ఇననీ."

వదిన వెనక్కి తిరగబోయింది. అత్త సూది ఉన్న చెయ్యే చాపింది.

"వద్దు. నిన్ను బయట కూసోబెట్టి సదివింది సాలు." ఆయాసంతో ఆగింది. నా చేతిలో సంచిక వైపు చూసింది. దాని కోసం ఆమె ఎన్నేళ్లు కాచుకుందో నాకు తెలుసు. "అది లోపల పెట్టేయ్ మే. నా కూతురింకా అంత దూరం రాలేదు గదా. రా పాపా. యాడ నిలిపినావో ఆన్నించి నువ్వే సదువు."

వదిన మంచం అంచున కూర్చుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర తడబడుతూ చదివింది. తెలిసిన కథే అయినా అత్త కొత్తగా వింటున్నట్టు ఊకొట్టింది. ఒక్క భాగం కూడా పూర్తి కాలేదు, నర్సు వచ్చి ఇంక చాలమ్మా అంది. నాకు ఏడుపు ఆగలేదు. ముసలిదానికి ఆ ఒక్క పేరు చెప్పి పంపలేకపోయానే అని ఒకటే బాధ.

పొద్దున స్ట్రెచర్ తలుపు దగ్గర ఆగినప్పుడు అత్త కొడుకుతో ఏమీ అనలేదు, నాతోనూ ఏమీ అనలేదు. కూతురి చెయ్యి పట్టుకుంది. "నేను వచ్చేలోపల ముందుకి సదివినావంటే సంపుతా," అంది. తలుపులు మూసుకున్నాయి.

బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. మా మధ్య పుస్తకం, ఆగిన చోట గుర్తుగా బస్సు టికెట్టు. మా ఆయన కాఫీ తెచ్చాడు, ఎవరూ తాగలేదు. చెప్పిన సమయం దాటిపోయింది. ఒక డాక్టరు హడావుడిగా లోపలికి వెళ్లాడు, మళ్లీ బయటికి రాలేదు. వదిన చెయ్యి ఒకసారి పుస్తకం మీదికి వెళ్లింది. అట్ట మీద స్వామికి దండం పెట్టుకుని మళ్లీ ఒళ్లోకి వచ్చేసింది.

మధ్యాహ్నం ఎప్పుడో నర్సు తలుపు తీసింది.

"మీ పేషెంటు కండ్లు తెరిసింది," అంది. "మాటిమాటికీ ఒకటే అడుగుతా ఉండాది, మాకు అర్థం కాలా. ముందుకి సదివేసినారా అంటాది. ఏమని సెప్పేది?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"సదవలేదని సెప్పు తల్లీ," అంది. "ఒక్క పేజీ కూడా సదవలేదని సెప్పు."