నేను పరిగెత్తిన రోజు బతు బస్తీ మిట్టెక్కింది

సముద్రం కదలలేదు. నేల వణకలేదు. ఆకాశంలో మబ్బు ముక్క కూడా లేదు. అయినా ఒక మధ్యాహ్నం బతు బస్తీలో మా వీధి వీధంతా పిల్లాపాపలతో, ముసలీముతకాతో, పొయ్యి మీద నుంచి దించిన ఒక కుక్కరుతో సహా మిట్టెక్కి కూర్చుంది. ఇంతటి విపత్తుకూ కేంద్రం ఎక్కడో సముద్రగర్భంలో లేదు. నా కడుపులో ఉంది. నవ్వకండి. నవ్వడానికి ముందు ముందు చాలా చోటుంది.

అప్పటికి సునామీ వచ్చి వెళ్ళి రెండు మూడేళ్ళు. ఆ రోజుల్లో మా అండమాన్ దీవుల్లో ఎవరూ ఊరికే పరిగెత్తేవారు కాదు. ఒకడు పరిగెత్తాడంటే రెండోవాడు "ఎందుకు?" అని అడగడు. చెప్పులు వదిలేసి వాడి వెనకాలే లగెత్తుతాడు. అడగడానికి ఆగినవాళ్ళు ఏమయ్యారో అందరికీ తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని, ఇక నా గాల్‌బ్లాడర్ దగ్గరికి రండి.

దాంట్లో రాయి పడింది. పోర్ట్ బ్లెయిర్లోనే తీసేశారు. కడుపుకు నాలుగు చిల్లులు పెట్టి, లోపలికి గాలి ఊది, కెమెరా దూర్చి, దొంగ కిటికీలోంచి గిన్నె లాగినట్టు పిత్తాశయాన్ని లాగేశారు. పిత్తం పోయింది గానీ, ఆశయం నా దగ్గరే మిగిలిపోయింది. పడుకోవడం అనే ఆశయం.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చక్కగానే చెప్పాడు. "ఇవాళ్టి నుంచే నడవండి. మేం ఊదిన గాలి కొంత లోపల మిగిలుంటుంది. దానివల్ల భుజం లాగుతుంది, భయపడొద్దు, నడిస్తే తగ్గుతుంది. దగ్గొస్తే కడుపుకు తలగడ అదుముకోండి. కొన్నాళ్ళు బరువులెత్తొద్దు, వేపుళ్ళు తినొద్దు. వారం తిరిగేసరికి మీ చిన్న చిన్న పనులు మీరే చేసుకుంటారు."

"వేపుడు తింటే ఏమవుతుంది సార్?"

"కొంతమందికి పరిగెత్తాల్సి వస్తుంది" అని నవ్వాడాయన.

ఈ ఉపదేశం జరుగుతున్నప్పుడు మా ఆవిడ సత్యవతి మందుల షాపులో ఉంది. నా పతనానికి అదే మొదటి మెట్టు. తను వచ్చి, "ఏటన్నారండి డాక్టరు గారు?" అంది.

"బరువులెత్తొద్దన్నారు."

"ఇంకేటీ అన్లేదా?"

"మంచం దిగొద్దన్నారు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నోటికి అలా వచ్చింది, వినడానికి బాగుంది.

ఆ క్షణం నుంచి నా ఇంట్లో 'బరువు' అనే మాటకు కొత్త నిఘంటువు పుట్టింది. మంచినీళ్ళ గ్లాసు బరువు. దుప్పటి బరువు. ఆదివారం పేపరైతే మరీ బరువు. దాన్ని సత్యవతి పట్టుకుంటే నేను చదివేవాణ్ణి. పాపం, పేజీ తిప్పమని నేను కనుబొమ్మతో చెబితే తిప్పేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో హాడోలోని తాళ్ళ దుకాణంలో గుమాస్తాగిరీ చేసి వచ్చిన నాకు "వచ్చీసారా?" తప్ప రెండో మాట దక్కేది కాదు. ఇప్పుడేమో తలగడ సర్దడం, భుజానికి కాపడం, గంటకోసారి జావ. మీరైతే లేచేవారా? నిజం చెప్పండి.

దీనికి తోడు మా అప్పలరాజు బావ. మా వీధి మిట్ట మీద ఆఖరి ఇల్లు ఆయనది, చేపల వ్యాపారం. ఆయనకు ఇదే జబ్బుకు పాత పద్ధతిలో విశాఖపట్నంలో కోశారు. చూడ్డానికి వచ్చి, నా చొక్కా ఎత్తి చూసి, నిరాశపడ్డాడు.

"ఇదేట్రా? దోమలు కుట్టినాయా?"

"ఆపరేషన్ బావా! నాలుగు చోట్ల!"

"దీన్ని ఆపరేసనంటారా? ఇది సూడు" అని తన చొక్కా ఎత్తాడు. పొట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు రోడ్డు వేసినట్టు మచ్చ. "ఇదీ మగోడి కోత! నీది చెవులు కుట్టించుకున్నట్టుంది."

నాకు రోషం వచ్చింది. "పైకి అలా కనిపిస్తుంది గానీ బావా, లోపలంతా పుండే. భుజం కూడా పట్టేసింది."

"కడుపు కోస్తే భుజం పట్టేయడమేట్రా? నరం తప్పు చోట ముడేసీసుంటారు!"

సాయంత్రానికల్లా ఆ ముడి సంగతి వీధంతా పాకింది. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ముత్తు కిటికీలోంచి తొంగి చూసి, "భయ్యా, అసలు మంచం మీంచి ఉఠ్‌నా కూడా కష్టమా?" అని అడిగాడు. నేను కళ్ళు మూసి, మెల్లగా తల ఊపాను. పక్కింటివాళ్ళు నాకోసం మొక్కుకున్నారు. వారం తిరిగింది. నాకు కొండలు పిండి కొట్టే ఓపిక వచ్చింది గానీ, ఇంత పేరు వచ్చాక మంచం దిగడమెలా?

ఒక్కటే చిక్కు. నెలాఖరు ఓడకు సత్యవతి టికెట్ తీసుకుని ఉంది. భీమిలి దగ్గర పుట్టింట్లో చెల్లెలి పెళ్ళి. సునామీ తరవాత తను వాళ్ళమ్మను చూడనే లేదు. ఆవిడా ఈవిడా ఫోన్లో ఏడ్చుకోవడమే. గంట గంటకూ వచ్చే బస్సు కాదు, ఈ ఓడ తప్పితే పెళ్ళి తప్పినట్టే. తను వెళ్ళాలని నాకూ ఉంది. రేపు లేద్దాం, ఎల్లుండి లేద్దాం, ఇంకొక్క పూట జావ తాగి లేద్దాం అనుకుంటూ ఉండగానే, ఒక మధ్యాహ్నం తను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బూత్‌కెళ్ళి చెల్లికి ఫోన్ చేసీసి వస్తానండి. రానని చెప్పీస్తాను."

"అయ్యో, అదేమిటి?"

"గ్లాసెత్తలేని మనిసిని ఒగ్గీసి ఎలాగెల్తానండి? దాని పెళ్ళికి నాను లేకపోతే మాత్రం ఆగిపోద్దా?" అంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం లేవు.

అప్పుడు లేచి నిలబడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను తలగడ కడుపుకు అదుముకుని, దగ్గాను. తను దిగువన జంక్షన్‌లో ఉన్న బూత్‌కు వెళ్ళిపోయింది.

అటు తను వెళ్ళడం, ఇటు అప్పలరాజు బావ డబ్బాతో దిగడం. "జావ తాగితే ఏటి బలమొస్తాదిరా? వంజరం చేప. ఇప్పుడే వేపించి తెచ్చినాను. తినీ!"

ఆ వాసనకు శవాలే లేచి కూర్చుంటాయి. నేను కూర్చున్నాను. ఒక ముక్క తిన్నాను. అది ఒంటరిగా ఉందని ఇంకొకటి పంపాను. తరవాత లెక్క నాకూ తెలియదు. బావ ఖాళీ డబ్బా పట్టుకుని తృప్తిగా చేపల మార్కెట్‌కు వెళ్ళిపోయాడు.

కాసేపటికి నా కడుపులో ఓడ లంగరు ఎత్తిన చప్పుడైంది. డాక్టరు నవ్వు గుర్తొచ్చింది.

మాది అద్దె ఇల్లు. మూడు వాటాలకు కలిపి పెరట్లో ఒకటే మరుగుదొడ్డి, అందులోనే స్నానం. నేను వెళ్ళేసరికి లోపల ఇంటి ఓనరుగారు తలకు పోసుకుంటూ పాట అందుకుని ఉన్నారు.

"సార్! తొందరగా!"

"సబ్బు పెట్టుకున్నానయ్యా!" అని రెండో చరణంలోకి వెళ్ళారు.

మిగిలిన దిక్కు మిట్ట మీద అప్పలరాజు బావ ఇల్లు. దాని మరుగుదొడ్డి వీధి వైపే ఉంటుంది, తాళం వేయరు. ఇక నేను ఆలోచించలేదు. లుంగీ ఎగ్గట్టి, ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి గాల్లో, చెప్పుల్లేకుండా, నోరు తెరుచుకుని పైకి పరిగెత్తాను.

ఇప్పుడు ఈ దృశ్యాన్ని ముత్తు కళ్ళతో చూడండి. గ్లాసెత్తలేని మనిషి. నరం తప్పు ముడి పడిన మనిషి. వీధంతా ఎవరికోసం మొక్కుకుందో ఆ మనిషి, ప్రాణాలరచేత పట్టుకుని, మిట్ట వైపు, జింకలా! ఈయనే లేచి పరిగెత్తుతున్నాడంటే సముద్రం ఎంత దగ్గరికి వచ్చి ఉండాలి?

"భాగో! అందరూ పైకి భాగో!" అన్న కేక నా వెనక వినిపించింది. నాకు ఆగి కనుక్కునే వ్యవధి లేదు. లోపలికి దూరి గడియ పెట్టుకున్నాను.

ప్రపంచం కాస్త తేలికపడ్డాక చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. బయట సంతలా ఉంది. తలుపు సందులోంచి చూశాను. బస్తీ అంతా బావ ఇంటి ముందే! పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మేకను చంకనేసుకున్నవాళ్ళు, కుక్కరు ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ. డ్రమ్ములో చూస్తే చుక్క నీరు లేదు. బయటికి రాలేను. వచ్చి మాత్రం ఏం చెప్పను?

"పానీ ఎంత దూరం వొచ్చింది?" అని ఎవరో అడిగారు.

"నేను చూల్లేదు. ఈ అమ్మ పరిగెత్తితే నేనూ వచ్చాను."

"నాకు ముత్తు సెప్పినాడు."

"అరె, నేను పానీ చూడలేదు! భయ్యాని చూశాను. మంచం మీద భయ్యా, దౌడ్‌తే హువే పైకి వచ్చాడు!"

"ఆయనా? లేవనే లేడు కదరా. కల గన్నావేటి?"

"అయ్యో, అయితే ఆయన్నెవరూ తేలేదా? మంచం మీదే ఉండిపోనాడా?" అని కుక్కరు ముసలమ్మ శోకం అందుకుంది. "మంచోడు నాయనా!" అని ఇంకొకరు వంత. ఆ విధంగా నేను మరుగుదొడ్డిలో కూర్చుని నా సంతాపసభను మొదటి నుంచి విన్నాను. బాగానే మాట్లాడారు.

అంతలో జనాన్ని తోసుకుంటూ సత్యవతి వచ్చింది. జుట్టు ఊడిపోయి, రొప్పుతూ, నా తలగడను గుండెలకు హత్తుకుని. అందరూ పైకి పరిగెత్తుతుంటే తను అప్పుడే లైను కలిసిన ఫోన్ వదిలేసి, ఆ మందకు ఎదురు తోసుకుని కిందున్న మా ఇంటికి వెళ్ళిందట. ముత్తు బండి మీది బట్టలన్నీ రోడ్డు మీద పారబోసి, నన్ను దాని మీద వేసుకుని లాక్కురావడానికి బండిని గుమ్మం దాకా ఈడ్చిందట.

"మంచం కాళీ! మా ఆయన్ని ఎవులు తెచ్చినారు? ఒక్కరైనా సూసినారా?" అని ఒక్కొక్కరి భుజం పట్టి ఊపుతోంది. తను మళ్ళీ కిందికి తిరిగింది.

పాఠకులారా, అప్పటిదాకా నాకు పరువు గురించి బెంగ. ఆ తిరగడం చూశాక పరువు ఎవడికి కావాలి? "సత్యా!" అని అరిచాను. "ఇక్కడున్నాను! ఏమీ రాలేదు! నేనే వచ్చాను!" తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి, "ఒక బకెట్..." అన్నాను. అందులో ఏం కావాలో పైకి చెబితే మళ్ళీ పరుగులు మొదలవుతాయని, ఆ పాటి తెలివి మాత్రం మిగిలింది.

బకెట్ వచ్చింది. నేను వచ్చాను. నా రెండు కాళ్ళ మీద, నిటారుగా, బస్తీ మొత్తం ముందు.

సత్యవతి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "పరిగెత్తుకొచ్చినారా?"

"వేపుడు తిన్నాను."

"మంచం దిగొద్దన్నారు కదా డాక్టరు?"

"నడవమన్నారు. మొదటి రోజు నుంచే."

తను ఆ తలగడతోనే నన్ను ఒకటి వేసింది, చిల్లులు తప్పించి, భుజం మీద. తరవాత మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే నవ్వు మొదలై, కుక్కరు ముసలమ్మకు అంటుకుని, మేకతో సహా అందరికీ పాకింది. ముత్తు ఒక్కడే నవ్వలేదు. "దీదీ, నా ఇస్త్రీ కపడే?" అన్నాడు.

నేనే తనను బూత్‌కు నడిపించుకుంటూ వెళ్ళాను. ఫోన్ తీగకు వేలాడుతూనే ఉంది. మళ్ళీ కలిపితే అవతల మరదలు ఒకటే ఏడుపు.

"ఏమీ కాలేదమ్మా. మీ అక్క పెళ్ళికి వస్తోంది."

"నువ్వు లెగలేవన్నాది కదా బావా?"

"లేచాను. ఊరంతా చూసింది."

సత్యవతి ఆ ఓడకే వెళ్ళింది. తను తిరిగి వచ్చేదాకా జావ నేనే కాచుకున్నాను. ముత్తు బండి దగ్గర బట్టలు మడతపెడుతూ నా శిక్ష కూడా పూర్తి చేశాను.

కనుక పెద్దలందరి ముందూ, మిగిలిన అవయవాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు చెప్పినంతే బాగాలేకుండా ఉంటాను, చిటికెడు కూడా ఎక్కువ ఉండను. మరి వీధిలో పరిగెత్తను. మొన్న బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ నా కళ్ళ ముందే కదిలింది. "దౌడో భయ్యా, దొరుకుతుంది!" అని జెట్టీ మీద అందరూ అరిచారు. నేను నెమ్మదిగా నడిచాను. ఫెర్రీ పోతే ఇంకొకటి వస్తుంది. నేను పరిగెత్తితే మాత్రం జెట్టీ మీద ఒక్కడూ మిగలడు.