తెరకు వీపు పెట్టిన జకర్యా

మెట్టుగూడ జకర్యా ముప్పయ్యొక్క ఏళ్లుగా సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేస్తున్నాడు. ఒక్క సినిమా చూడలేదు. నమ్మకపోతే మీ ఖర్మ! "హాల్ల పనిచెయ్, తెర దిక్కు మాత్రం చూడకు" అని పెళ్లినాడే భార్య కాంతమణి బైబిలు మీద మాట తీసుకుంది. ఆమె పోయింది, మాట పోలేదు. ఆట మొదలయ్యాక తెర కింది తలుపు దగ్గర, జనం వైపు తిరిగి నిలబడతాడు. సినిమా అంతా వాళ్ల ముఖాల మీదే చూస్తాడు. పోస్టరు చూడకుండానే సినిమాకు ఏ సెన్సార్ సర్టిఫికెట్టో చెప్పేస్తాడట.

ఒకప్పుడు తెరమీద కత్తి లేస్తే నాలుగొందల ముఖాలూ ఒక్కసారే ముడుచుకునేవి. ఏడాదికేడాది అది తగ్గిపోయింది. ఇప్పుడు వీపు వెనక అరుపులు, కళ్ల ముందు పాప్‌కార్న్ నమిలే దవడలు. ఎర్రటి వెలుగులో రెప్ప వేయని ముఖాలు. పట్టపగటి ఆటలో కూడా అతనికి ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న శనివారం మ్యాట్నీకి కొడుకు సైలస్ తన ఎనిమిదేళ్ల కూతురు షెకీనాను వెంటబెట్టుకొచ్చాడు. పెద్దలకు మాత్రమే అన్న సినిమా. జకర్యా చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లను లోపలికి తోల్కపోవద్దురా."

"ఏంది నాన్నా, ఫోన్ల రోజు చూస్తనే ఉంది. దానికి భయం గియం లేదు."

"జెర జరుగు తాతా," వెనక నిలబడ్డ పద్మారావు నగర్ కల్పలత కసిరింది. "మా పిల్లలకు ఫైటింగ్ పెడ్తెనే ముద్ద దిగుతది. సర్టిఫికెట్ చూసుకుంట కూసుంటే పస్తులే!"

లైనంతా నవ్వింది. లోపలికి పంపించెయ్యమని మేనేజర్ సైగ చేశాడు. జకర్యా చెయ్యి దించాడు.

తండ్రీకూతుళ్లు ముందు వరసలో కూర్చున్నారు. ఆ రోజు జకర్యా ఒక్క ముఖమే చూశాడు. తన మనవరాలికి భయమనేది మిగిలిందా, లేదా? కత్తి దిగిన చప్పుడైంది. హాలంతా ఎర్రబడింది. షెకీనా రెప్ప వేయలేదు.

"తాతా, పక్కకు జరుగు. కనిపిస్తలేదు."

ఈ పిల్ల ఏం చూస్తోందో చూడాలని, కాంతమణికిచ్చిన మాట తప్పి, జకర్యా వెనక్కి తెర వైపు తిరిగాడు.

మళ్లీ ఇటు తిరిగేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. షెకీనా చేతిలోంచి పాప్‌కార్న్ డబ్బా జారింది.

"డాడీ, ఇంటికి పోదాం! తాతను చూస్తే భయమైతుంది!"

పిల్ల కళ్లు మూసుకుంది. హాల్లో ఇంకెవరూ తల తిప్పలేదు. జకర్యా ఆమెను ఎత్తుకున్నాడు. గజగజ వణుకుతోంది. ఆ వణుకు చేతులకు తగిలాక గాని అతనికి ఊపిరి ఆడలేదట. అలాగే గుండెకు హత్తుకొని బయటికి నడిచాడు.

సైలస్ మాత్రం సినిమా అయ్యాకే వచ్చాడు.