మెట్ల మలుపు దగ్గరి కొలత

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు కనుక మీకు చెబుతున్నాను.

భవనాల డిజైన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన స్త్రీని నేను. తేదీ గాని, కొలత గాని లేనిదే ఏ మాటనూ నమ్మని అలవాటు నాది. నేను పనిచేసింది కొత్తగూడెంలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో. భద్రాచలం అవతల అడవి అంచున కట్టబోయే ఒక దవాఖానాకు డ్రాయింగులన్నీ నేనే గీశాను. నా కింద పనిచేసే రజిత, ఒక గని కార్మికుడి కూతురు, వాటిని కంప్యూటరులో నిండు భవనంగా నిలబెట్టింది. అప్పుడే నా తప్పు బయటపడింది. మెట్లు మలుపు తిరిగే చోట మెట్టు నుంచి తల మీది దూలం దాకా రెండు మీటర్లు దాటి ఉండవలసిన ఎత్తు, ఒక మీటరు డెబ్బై సెంటీమీటర్లే ఉంది. స్ట్రెచరు మోసేవారి తల తగులుతుంది. రజిత ఆ సంగతి నాకొక్కదానికే, మెల్లగా చెప్పింది. సరిచేశాము.

కంప్యూటరులో భవనాన్ని ముందే నిలబెట్టి చూసే ఈ కొత్త పద్ధతి గురించి మాట్లాడమని హైదరాబాదులో ఒక సదస్సు నుంచి పిలుపు వచ్చింది. మా యజమాని ఇద్దరినీ వెళ్లమన్నారు.

"రజితకు పాలు తాగే పాప ఉంది సార్, ఆమె ఎట్ల వస్తది?" అన్నాను. అయితే మీరొక్కరే వెళ్లండి అన్నారాయన.

ఆమెను అడగకుండానే అన్నాను. పాప మీద జాలితోనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. అక్కడ ఉదాహరణగా చూపించవలసింది ఆ మెట్ల తప్పునే. అది ఎవరి తప్పో తెలిసిన మనిషి నా పక్కన నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది.

మరునాడు రజిత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, మా అమ్మ గూడ వస్తదట. పాపను పట్టుకొని హాలు బయట కూసుంటదట. మీకేం తక్లీఫ్ గాదు."

"సార్ ఒక్కరినే పొమ్మన్నరు, రజితా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే మీరే మంచిగ చెప్పాలె. గీడ నొక్కితే మెట్లు తిరుగుతయి. మౌస్ గంత గట్టిగ పట్టుకున్నరేంది మేడం, అదేం పారిపోదు!"

నవ్వాను. నవ్వగలిగాను.

సదస్సులో స్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నాకిచ్చిన కార్డు మీద పేరుకు ముందు "శ్రీ" అని అచ్చయి ఉంది. భోజనాల దగ్గర ఒకాయన "మీ సార్ ఎక్కడ మేడం?" అని అడిగాడు. వీరి ముందు ఒక్క కొలత తప్పానని ఒప్పుకుంటే ఇన్నేళ్ల పని అంతా కొట్టుకుపోతుందనిపించింది. ఇది నిజమా, సాకా? రెండూ కావచ్చు. వేదిక మీద మెట్లు చూపించగానే ముందు వరుసలోంచి ప్రశ్న వచ్చింది, ఇంత పెద్ద పొరపాటు ఎవరిదని.

"కొత్తగా చేరిన అమ్మాయి గీసింది. నేను పట్టుకున్నాను."

హాలంతా నవ్వింది. తర్వాత చప్పట్లు కొట్టింది.

మరుసటి ఏడాది రజిత హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చింది. "మన ఆఫీసు పేరు ఇనంగనే, మెట్లు తప్పు గీసిన పిల్లవు నువ్వేనా అన్నరు మేడం. కాదంటే నమ్మలే." నా వైపు చూసింది. "మీరైతే గట్ల చెప్పరు. ఎవలు చెప్పిండ్రో?"

అది నమ్మకమో, ప్రశ్నో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఆ కంపెనీకి ఫోను చేసి ఉండవచ్చు. "పోనీలే, ఇంకోటి వస్తది" అన్నాను.

రాలేదు. రజిత ఇప్పుడు సారపాకలో ఒక గది కిరాయికి తీసుకుని, మిల్లు కార్మికుల ఇళ్లకు పర్మిషన్ ప్లాన్లు గీస్తోంది. ఆ కంపెనీ ఏనాడో మూతపడింది; నిజం చెబుదామన్నా వినవలసినవారు అక్కడ లేరు. ఆమెకే చెప్పాలని రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ ఆమె పోసిన చాయ్ తాగి, పాప చదువు గురించి అడిగి, తిరిగి వచ్చాను. ఏ మాటతో మొదలుపెట్టాలి?

ఇక్కడ కూడా ఆమె అసలు పేరు రాయలేకపోయాను. రాస్తే నేనెవరో తెలిసిపోతుంది. ఆ మెట్లు తప్పుగా గీసింది నేను. పట్టుకున్నది ఆమె. ఈ రెండు వాక్యాల వల్ల ఆమెకు ఏదీ తిరిగి రాదు. నాకు మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.