వీపుకు సెలవు

మా చెల్లెలు కష్టపడి సాధించిన మొదటి విజయం కోడిపిల్లల రూపంలో వచ్చింది. గుడ్లు పొదిగించే కేంద్రంలో ఆమె పనికి చేరిన కొత్తలో, గుడ్ల పళ్ళేలను అటూ ఇటూ ఒరిగించే యంత్రం విరిగిపోయింది. గుడ్డు ఒకే పక్కన ఉండిపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుని చచ్చిపోతుంది. కొత్త భాగం వచ్చేదాకా చేయగలిగిందేమీ లేదనీ, ఆ గుడ్ల మీద ఆశ వదులుకోమనీ మేనేజరు చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు. మా చెల్లెలు జాకెట్టు చేతులు పైకి మడిచి, పళ్ళెం తర్వాత పళ్ళెం చేత్తోనే ఒరిగించడం మొదలుపెట్టింది. చివరి పళ్ళెం అయ్యేసరికి మొదటి పళ్ళెం వంతు మళ్ళీ వచ్చేది. యంత్రం బాగయ్యేదాకా ఆమె నడుం వాల్చలేదు. ఆ గుడ్లు పగిలి గదంతా కిచకిచమన్న రోజు నుంచి ఆమెకు ఒక పిచ్చి పట్టుకుంది. ఏ వస్తువునూ, ఏ మనిషినీ ఒకే పక్కన ఉండనివ్వదు.

బుట్టలో బంగాళాదుంపలు రోజూ పక్క మార్చుకోవాలి. పరుపు తిరగబడాలి. ఇంటికొచ్చిన చుట్టం ఒక కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు, "ఇటు రండి, ఇక్కడ గాలి బాగుంటుంది" అని ఇంకో కుర్చీలోకి మారుస్తుంది. అక్కడ కుదురుకునేలోపు మూడో కుర్చీ చూపిస్తుంది. ఒకసారి ఒక బీమా ఏజెంటు వచ్చి, పాలసీ వివరాలు మొదటి కుర్చీలో ఎత్తుకుని, సోఫాలో తడబడి, బల్ల మీదికి చేరేసరికి తానెందుకు వచ్చాడో మరిచిపోయి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మా బావగారు బతికున్న రోజుల్లో అనేవారు, ఆ ఇంట్లో తనంతట తాను తిరిగేది గడియారం ముల్లు ఒక్కటేననీ, అందుకే మా చెల్లెలు దాని జోలికి పోదనీ. అందరూ ఆమెను తిప్పుళ్ళక్క అంటారు. పిలిస్తే పలుకుతుంది కూడా.

నా సంగతి పూర్తిగా వేరు. నేను చదివింది పల్లెటూరి బడిలో, అదీ ఐదో తరగతి దాకా. అయినా పాల సంఘానికి అధ్యక్షుణ్ణయ్యాను. కాలువ పూడిక తీయించాను. బడికి పైకప్పు వేయించాను. ఇవన్నీ ఎలా సాధించావని ఎవరడిగినా నా జవాబు ఒకటే: కదల్లేదు. పని అయ్యేదాకా ఆఫీసరు గది ముందు బెంచీ మీద బండరాయిలా కూర్చునేవాణ్ణి. నన్ను అక్కణ్ణించి లేపడం కంటే సంతకం పెట్టడమే తేలికని వాళ్ళకు అర్థమయ్యేది.

అలాంటివాణ్ణి మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆపరేషను చేసి, మేకులు బిగించి ఇంటికి పంపారు. కదలకుండా పడుకోవడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు కాబట్టి వెల్లకిలా పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉన్నాను. మా ఆవిడ నా ఓపికను వచ్చినవాళ్ళందరికీ చెప్పి మెచ్చుకునేది.

మా చెల్లెలు చూడటానికి వచ్చింది. సంచీ గుమ్మంలోనే పెట్టి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా నన్ను పక్కకు తిప్పింది. తిప్పి, బట్ట పైకి లాగి చూసింది. నడుము కింద, ఎముక పరుపుకు ఆనే చోట చర్మం నల్లబడి మెత్తబడింది. మా ఆవిడ అది చెమటపొక్కు అనుకుని నూనె రాస్తోంది.

ఆస్పత్రిలో సర్జను ఆ నల్లటి చర్మం కోసి తీసేస్తే, కింద నిమ్మకాయ పట్టేంత గుంట బయటపడింది. ఆయన విషయం దాచలేదు. ఆ గుంటలో ఎర్రటి కొత్త కండ పుట్టి నిండాలి. నిండకపోతే పక్కనున్న కండ కోసి దాని మీద కప్పాలి, అంటే మళ్ళీ ఆపరేషను. ఇంకోసారి మత్తుమందు ఇస్తే నా గుండె తట్టుకుంటుందని తాను హామీ ఇవ్వలేనన్నాడు. అందుకని పుండును పీల్చే మిషన్ ఒకటి ఇంట్లోనే పెట్టి చూద్దామనీ, వచ్చే నెల పరీక్షలో సంగతి తేలుతుందనీ చెప్పాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మా చెల్లెలు మాత్రం, "వచ్చే నెల దాకా నేనిక్కడే ఉంటాను వదినా. నా మంచం అన్నయ్య గదిలో వెయ్యి" అంది.

మిషన్ తీసుకుని నర్సు వచ్చింది. చిన్నపిల్ల, కానీ చేయి మెరుపు. పుండును కడిగి, నల్లటి స్పాంజిని గుంటకు సరిపోయేలా కత్తిరించి లోపల పెట్టింది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, పొరకు చిన్న కన్నం చేసి, గొట్టం బిగించింది. గొట్టం రెండో చివర టిఫిన్ డబ్బా అంత యంత్రం. అది మంచం కమ్మీకి వేలాడుతుంది. మీట నొక్కగానే స్పాంజి ఎండిన ద్రాక్షలా ముడుచుకుపోయింది. పుండులోని నీరు గొట్టం గుండా డబ్బాలోకి రావడం మొదలైంది. యంత్రం సన్నగా గురక పెట్టింది. నేను నిద్రపోయాననుకుని మా ఆవిడ నా మీద దుప్పటి కప్పింది.

మా చెల్లెలు ఆ గొట్టాన్ని దూడ మెడలో పలుపును చూసినట్టు చూసింది.

"అమ్మాయ్, ఇది కట్టాక ఇక మనిషిని తిప్పకూడదా?"

"ఇంకా బాగా తిప్పాలి పెద్దమ్మా. మిషన్ పుండును పీలుస్తుందే గానీ తాతగారి బరువును మొయ్యదు కదా."

ఆ మాటతో మా చెల్లెలికి నర్సు ఆప్తురాలైపోయింది. జీవితంలో మొదటిసారి, చదువుకున్న మనిషి ఒకరు ఆమెను తిప్పమని చెప్పారు. ఆ పూట నర్సుకు కాఫీ ఇచ్చింది గానీ, తాగేలోపు రెండు కుర్చీలు మార్పించింది.

ఇక నా బతుకు చూడండి. ఎండ గదిలో కాస్త జరిగితే చాలు, "అన్నయ్యా, వంతు" అనే కేక. నేను బండరాయినన్న సంగతి గుర్తుచేశాను. బండలను కూడా నాచు పట్టకుండా తిప్పాలంది. కాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒక దిండు, మడమలు గాల్లో. నన్ను తిప్పడంతో ఆగితే బాగుండేది. తిప్పిన ప్రతిసారీ గదిలో ఇంకేదో కూడా జరపాలి. ఈసారి అద్దం, ఇంకోసారి పూలకుండీ, మరోసారి మా ఆవిడ కూరగాయలు తరుగుకునే ముక్కాలి పీట.

"నాకంటే పుండు పడింది. ఆ కుండీకేం వచ్చిందే?"

"దానికీ పడుతుంది. నువ్వు నోరు మూసుకుని తిరుగు."

మధ్యలో మా ఆవిడ తన వంతు సాయం చేసింది. నర్సు వచ్చే ముందు, చర్మం పొడిబారిందని జాలిపడి పుండు చుట్టూ నూనె పట్టించింది. నూనె మీద ప్లాస్టిక్ పొర అంటుతుందా? ఒక మూల లేచి గాలి లోపలికి దూరింది, యంత్రం కీచుమని మొదలుపెట్టింది. నర్సు పొర అంతా ఊడదీసి, చర్మం శుభ్రంగా తుడిచి మళ్ళీ అంటించింది. మా చెల్లెలు నూనె సీసాను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ మా ఆవిడకు దొరకలేదు.

అంత చేసినా పుండు నిండలేదు. నర్సు కట్టు విప్పిన ప్రతిసారీ మా చెల్లెలు మెడ చాచి చూసేది. అంచులు తెల్లగా నానిపోయి ఉండేవి, అడుగున ఎరుపు రానేలేదు. పైగా యంత్రం మాటిమాటికీ గొట్టం మూసుకుపోయిందని మొరపెట్టేది. పరీక్ష రోజు దగ్గర పడుతోంది. నర్సుకు ఏదో అనుమానం వచ్చి, ఎటునుంచి ఎటు తిప్పుతున్నారో నా ఎదుట చేసి చూపించండి పెద్దమ్మా అంది.

మా చెల్లెలు గర్వంగా చూపించింది. ఎడమ పక్క. తర్వాత వెల్లకిలా. తర్వాత కుడి పక్క. మళ్ళీ వెల్లకిలా.

"వీపు మీద ఎందుకు పడుకోబెడుతున్నారు? పుండు ఉన్నది అక్కడే కదా."

"మరి దాని వంతు దానికి రావద్దా? నా పళ్ళేలు అటు నుంచి ఇటు ఒరిగేటప్పుడు మధ్యలో సమంగా వచ్చేవే. ఏ పక్కకూ అన్యాయం చెయ్యలేదమ్మా నేను."

నర్సు కోప్పడలేదు. మెల్లగా చెప్పింది. రెండు పక్కల మీదా పడుకున్నప్పుడు పుండు పుంజుకున్న ప్రాణాన్ని, వీపు వంతు వచ్చేసరికి నా బరువు మళ్ళీ నలిపేస్తోంది. గొట్టం కూడా కిందపడి నలుగుతోంది, యంత్రం మొర అదే. మా చెల్లెలు దిండు పట్టుకుని నిలబడిపోయింది. ఎవరికీ అన్యాయం చేయకూడదన్న ఆమె ధర్మమే నాకు ఎసరు పెడుతోందని తెలిసిన ఆ క్షణంలో ఆమె ముఖం చూస్తే నాకే జాలేసింది. పర్వాలేదులే చెల్లెమ్మా అన్నాను.

"పర్వా ఉంది" అంది. "ఇవాళ్టి నుంచి వీపుకు సెలవు."

ఆ సెలవును ఆమె అమలుపరిచినట్టు ఏ ప్రభుత్వమూ ఏ చట్టాన్నీ అమలుపరిచి ఉండదు. రెండు దుప్పట్లు గట్టిగా చుట్టి నా వెనక ఆనకట్టలా బిగించింది. నిద్రలో నేను కొంచెం వెనక్కి ఒరిగినా అది నన్ను ముందుకు నెట్టేది. నన్ను తిప్పే ముందే గొట్టం ఏ వైపు నుంచి పోతుందో వేలితో తడిమి, దాన్ని ఎముకల కింద పడకుండా నా పొట్ట మీదుగా తీసుకెళ్ళేది. గుడ్లూ పప్పూ పాలూ తినిపించేది, చాలంటే వినేది కాదు. కొత్త కండ గాలిలోంచి పుట్టదు, తిను అనేది. పాల సంఘం అధ్యక్షుణ్ణి నేను, పాలు తాగనని మొరాయిస్తే పరువు పోతుందని గుటకేసేవాణ్ణి. కదలకుండా కూర్చుని కాలువ సాధించిన మనిషిని, కదులుతూ కదులుతూ ఒక గుంట పూడ్చుకోవడానికి సిద్ధపడ్డాను.

పరీక్షకు వెళ్ళిన రోజున సర్జను కట్టు విప్పి చాలాసేపు చూశాడు. గుంట అడుగు నుంచి ఎర్రటి కండ పైకి వచ్చి దాదాపు అంచులను అందుకుంది. ఇక ఆపరేషను అక్కర్లేదన్నాడు. యంత్రం తీసేయొచ్చనీ, మిగిలింది మామూలు కట్లతోనే మానుతుందనీ, అయితే తిరగడం మాత్రం మానొద్దనీ చెప్పాడు. ఇంట్లో చూసుకుంటున్నది ఎవరని అడిగాడు. మా చెల్లెలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, పొద్దుటి నుంచి ఆ కుర్చీలోనే కూర్చున్నారా బాబూ అని ఆయన్ను అడిగింది. పాపం, ఆయన లేచి నిలబడే మందులు రాసిచ్చాడు.

యంత్రాన్ని తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చిన నర్సు ఒక మాట అడిగింది. పక్క ఊళ్ళో ఒక దర్జీ తల్లి ఇలాగే మంచాన పడి ఉంది, కొడుకు ఒక్కడూ మిషన్ కుట్టాలా, తల్లిని తిప్పాలా అని తల పట్టుకున్నాడు, కాస్త నేర్పి వస్తారా పెద్దమ్మా అని. మా చెల్లెలు సంచీ సర్దుకుంది. నేను ఇక ఆ గదిలో రాజులా ఉండొచ్చనుకున్నాను.

ఆమె బస్సెక్కగానే మా ఆవిడ గదిని మనుషులుండే గదిలా సర్దింది. అద్దం దాని మేకుకు, కుండీ వరండాలోకి, పీట వంటింట్లోకి. నేను కమ్మీ పట్టుకుని నా అంతట నేనే ఎడమ పక్కకు తిరిగాను. గోడ. సున్నం పెచ్చులూడిన ఉత్త గోడ. కుడి పక్కకు తిరిగాను. బీరువా పక్క చెక్క, దాన్ని ఆనుకుని ఖాళీ తలుపు సందు. ఇన్నాళ్ళూ ఇదే మంచం, ఇవే పక్కలు, మరి నాకు ఇంత విసుగెప్పుడూ పుట్టలేదే అనుకున్నాను. అప్పుడు తట్టింది. ఎడమకు తిరిగితే అద్దంలో మా వీధి కనపడేది. బడికి పోయే పిల్లలు, పాల బండి, నా గురించి వాకబు చేస్తూ ఆగే మనుషులు. కుడికి తిరిగితే తలుపు సందులోంచి పీట మీద మా ఆవిడ, చిక్కుడుకాయలు ఒలుస్తూ. కుండీ ఒక్కో మొగ్గను నా వైపుకే తిప్పి విచ్చేది.

మా చెల్లెలికి ఫోను చేశాను. అద్దం ఎంత ఎత్తులో పెట్టేదానివని అడిగాను.

"నీ కంటి ఎత్తున. దుప్పటి సర్దుతున్నట్టు నీ దిండు మీద తల ఆనించి చూసేదాన్ని."

"నువ్వు కునికిపాట్లు పడుతున్నావనుకున్నాను."

"అనుకో. గుడ్డుకైతే లోపలంతా చీకటే, ఎటు తిప్పినా ఒకటే. మనిషి అలా కాదు కదా అన్నయ్యా. కష్టపడి తిరిగినందుకు ఏదో ఒకటి కనపడాలి."

దర్జీ తల్లి ఎలా ఉందని అడిగాను. ఆవిడ పుండు ఎరుపెక్కుతోందట. కొడుకు కుట్టు మిషన్ని ఆవిడకు రెండు పక్కల నుంచీ కనపడేలా గది మధ్యకు లాగించిందట. వచ్చే కొలతల వాళ్ళంతా ఇప్పుడు ఆవిడతోనే కబుర్లు చెబుతున్నారట. అతని పని మాత్రం కాస్త వెనకబడింది, పర్వాలేదంది.

నేను ఇక్కడ ఊరికే పడి లేను. వంతు వచ్చినప్పుడల్లా ఎవరూ కేకేయకుండానే తిరుగుతున్నాను. ఇవాళ చేతికర్ర ఆసరాతో కిటికీ దాకా నడిచాను. గేటు దాకా నడిచి బస్సుకు ఎదురెళ్ళాలని పట్టుదలగా ఉంది. మా చెల్లెలు వచ్చేది ఈ నెల ఇరవై ఆరున, గురువారం.