ఖాళీగా వదిలిన కోత గడి

మా నాన్నకు మెమో వచ్చిన వారమే నాకు ఒక కంప్యూటరు ప్రోగ్రాం రాసే పని అప్పగించినారు. మెమోలో ఉన్న నేరం ఒకటే: పని కాగితంలో ఎంత చెక్కాలో రాసే కోత గడి ఖాళీగా వదిలేస్తున్నాడట. సరైన జవాబు ఇవ్వకపోతే ఇంక్రిమెంటు ఆపేస్తారట. ఇక నా పని ఏటంటే, అదే గడిని కంప్యూటరు చేత నింపించడం!

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నాన్న చక్రాల లేత్ మీద టర్నరు. అరిగిన రైలు చక్రాలను చెక్కి మళ్ళీ గుండ్రంగా చేస్తాడు. రైలు పెట్టె కింద చక్రాలుండే చట్రాన్ని అక్కడ బోగీ అంటారు, ఒక్కో బోగీకి నాలుగు చక్రాలు. నాలుగూ ఒకే సైజుకి రావాలి గనక, అన్నిటికంటే చిన్నది ఎంతుందో చూసి మిగిలినవాటిని అంతకు దించాలి. ఎంత చెక్కాలో పనికి ముందే రాసి పెట్టాలని కొత్తగా వచ్చిన బెంగాలీ ఫోర్‌మన్ పట్టు. నాన్న ససేమిరా రాయడు. చక్రం లేత్ ఎక్కకుండా కోత చెప్పకూడదని ఆ తరం టర్నర్ల కట్టుబాటు.

డెబ్బైల మాట ఇది. ఊళ్ళో ఉన్న కాలేజీ కంప్యూటరు గదిలో నేను పనిచేసేదాన్ని; వర్క్‌షాపు వాళ్ళు ఈ లెక్కల పని మా గదికే ఇచ్చినారు. మా క్వార్టర్ల తెలుగు ఆడపిల్లల్లో ఆ మిషన్ని ముట్టుకున్నది నేనొక్కదాన్నే, ఆ గీర ఒంటినిండా ఉండేది. అందులో ఒక భాష ఉండేది. వంద అంకెల వరసనైనా ఒక్క గుర్తుతో కూడేస్తుంది, తీసేస్తుంది. నాలుగు చక్రాల అంకెలకి 'కొలత' అని పేరు పెట్టినాను. ఒక్కోదాన్లోంచి అన్నిటికంటే చిన్న అంకెని తీసివేసి, వచ్చిన నాలుగు అంకెలకి 'కోత' అని పేరు పెట్టినాను. ఒక్కటే లైను! అచ్చయిన కాగితం పట్టుకుని ఇంటికి పరుగెత్తినాను.

నాన్న టీ తాగుతూ చూసినాడు. "ఈ కొలతలు ఎక్కడివే?"

"నిన్న యార్డులో తీసినవి."

"గ్రీజు మీద తీసిన కొలతలవి. లేత్ ఎక్కించి తుడిస్తే మారిపోతాయి. అప్పుడు నీ కాగితం ఏటి సెప్తాది?"

"మిషన్ తప్పు చెప్పదు నాన్నా!"

"మిషన్ తప్పు సెప్పదు లేవే. నువ్వే తొందరపడి దాని సేత ముందే సెప్పించేసినావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే, నాన్నదే తప్పని తేల్చడానికి మిషన్ ముందు కూచున్నాను. ఒక చక్రం కొలత తగ్గించి, 'కోత' ఎంతని అడిగినాను. పాత అంకెలే వచ్చినాయి! ఓలమ్మో అనుకున్నాను. నేను లైను రాసిన క్షణానే అది లెక్క కట్టేసి, జవాబు ఒక్కటే దాచుకుంది. ఆ జవాబు ఎలా వచ్చిందో దానికి పట్టలేదు.

దాంతో ఆ లైన్ని లెక్కగా కాకుండా, కొటేషన్ గుర్తుల మధ్య ఉత్త అక్షరాలుగా దాచినాను. అలా ఉన్నంతసేపు మిషన్ దాని జోలికి పోదు. 'ఇప్పుడు కట్టు' అనే గుర్తు ముందు పెడితే, అప్పటికి 'కొలత'లో ఏ అంకెలుంటే వాటితోనే కడుతుంది. అందాకా కోత గడి ఖాళీయే. చేసింది చూసుకుంటే సిగ్గేసింది, మా నాన్న మీద చెప్పలేనంత గర్వమూ కలిగింది. నాకు భాష వచ్చు గానీ పని వచ్చింది ఆయనకి.

ప్రోగ్రాం నడిపి చూపించే రోజున ఫోర్‌మన్ మా గదికి వచ్చినాడు, కొలతలు చదవడానికి నాన్ననే వెంటబెట్టుకుని. కాగితం బయటికి రాగానే, "ఎ కీ! ఇదేంటి, ఇదీ ఖాళీయేనా?" అని గయ్‌మన్నాడు.

"చక్రం లేత్ ఎక్కిన కొలత ఇంకా ఇవ్వలేదు కదా దాదా," అన్నాను.

నాన్న ఆ పొద్దున లేత్ మీద తీసిన కొలతలు చదివినాడు. నాలుగో చక్రం యార్డులో అనుకున్నదానికంటే బాగా చిన్నదని తేలింది. ఆ అంకెలు 'కొలత'లో వేసి, 'ఇప్పుడు కట్టు' గుర్తు కొట్టినాను. యార్డు లెక్కలో వచ్చిన నాలుగు కోతలూ మారిపోయినాయి. యార్డు లెక్కతో చెక్కి ఉంటే, నాలుగోదాని సైజుకి దించడానికి ముందు మూడు చక్రాలనీ మళ్ళీ లేత్ ఎక్కించాల్సి వచ్చేది, ఆ సంగతి ఫోర్‌మన్‌కి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మెమో వెనక్కి తీసుకుంటాను, జవాబు అక్కర్లేదన్నాడు.

అక్కర్లేదంటే ఊరుకునే మనిషా మా నాన్న! ఆ సాయంత్రమే నన్ను కూచోబెట్టి ఇంగ్లీషులో జవాబు రాయించినాడు. "నాను సెప్పినట్టే రాయి, మెత్తబెట్టకు," అన్నాడు. కోత గడి ఖాళీగా వదిలిన మాట నిజం, ఇక మీదట కూడా వదులుతాను. అంతే, రెండు ముక్కలు. కింద సంతకం చేసి, పెన్ను నా చేతిలో పెట్టినాడు.

"నీ సంతకం కూడా పెట్టు."