భవంతి కప్పు తట్టింది ఎవరు?

ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే మా ఊళ్లో అందరూ మొదట అడిగేది అదే. నిద్ర మత్తు కూడా కాదు. విన్నది విన్నట్టే చెప్తాను. నమ్మితే నమ్మండి... కానీ ఊళ్లో తిరుగుతున్న కథను మాత్రం నమ్మకండి. దయ్యం భయానికి భవంతి నిలిచిందని అంటున్నారు. దాన్ని కూల్చేదాకా తెచ్చింది నేను. ఆ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

మాది రామగిరి మండలం. బొగ్గు బాయిలో కప్పుకు ఆసరాలు పెట్టే పని నాది. భూమి లోపల ఏ చోటికి వెళ్లినా మొదట ఇనుప కడ్డీతో కప్పును తట్టాలి. రెండో అరచెయ్యి ఆనించి వినాలి. ఖంగుమంటే రాయి గట్టిది. బొదబొదమంటే పైన పొర విడిపోయింది... ఉరకాలి. ఆ చప్పుడు తెలిసినందుకే ఈ వయసు దాకా బతికున్నాను.

మా ఊరి నడుమ పాత భవంతి ఉంది. చెక్కిన టేకు స్తంభాలు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. కట్టినవాళ్ల వారసులు ఎప్పుడో దాన్ని ఊరికి వదిలేశారు. ఆ నీడనే మా ఆడవాళ్లు బీడీలు చుడతారు. వాళ్లలో పెద్దది లచ్చక్క. భవంతిని సర్కారు రక్షిత కట్టడంగా ప్రకటించాలని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమే. అలా ప్రకటిస్తే ఇక దాన్ని ఎవరూ కూల్చలేరు. చూడటానికి అధికారులు వస్తామన్నారు కూడా.

ఈలోగా సర్పంచి నన్ను పిలిచాడు.

"మల్లన్నా, కప్పుల సంగతి నీకెరుకే గద. జర సూసి చెప్పు. రేపు ఎవలి నెత్తి మీదన్న పడ్డదంటే నా మెడకు సుట్టుకుంటది."

కడ్డీ పట్టుకుని వెళ్లాను. తట్టాను. బొదబొద. దూలాల నడుమ ఇంకో అరలో... అదే బొదబొద.

"అందరు బయటికి నడువుండ్రి! ఇయ్యాలో రేపో కూలుతది!" అని అరిచాను.

లచ్చక్క ఒళ్లో చేట కూడా దించలేదు. "ఏం తమ్మీ, ఇది ఇల్లా, బాయా? యాడికి పోయినా తట్టుడేనా? ఇంట్ల మా మరదలు నెత్తి గూడ గిట్లనే తడ్తవా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "కప్పు కింద పోయినోళ్లను మోసిన చేతులక్కా ఇవి. నా మాట ఇను."

ఆమె చేట దించి లేచింది. ఆ రోజే తాళం పడింది. నా మాట మీదే పంచాయతీ కూల్చివేతకు తీర్మానం చేసింది. అధికారులకు రావద్దని కబురు వెళ్లింది. జేసీబీని మాట్లాడారు.

మర్నాడు కూలుస్తారనగా ఆ రాత్రి... టేకు స్తంభాలు ఎవరైనా ఎత్తుకుపోతారని నన్ను కాపలా ఉంచారు. తాళంచెవి నా జేబులోనే. లోపల పడుకునే ధైర్యం లేక బయట అరుగు మీద కూర్చున్నాను. వాన కురిసి వెలిసింది. కరెంటు పోయింది. చూరు నీళ్లు... టప్... టప్.

అప్పుడు లోపలి నుంచి...

టక్.

ఆగింది.

టక్... టక్.

మళ్లీ ఆగింది.

ఎలుక అనుకున్నాను. పిల్లి అనుకున్నాను. కానీ ఆ ఆగడం... అది ఎలుకది కాదు. తట్టి, అరచెయ్యి ఆనించి, వినడానికి మనిషికి పట్టేంత సేపు ఆగుతోంది. బాయిలో రోజూ నేను ఆగేది అంతే సేపు.

"ఎవలది? కూలుతది, బయటికి రాండ్రి!"

టక్.

తాళం తీశాను. తలుపు కిర్రుమంది. టార్చి వేస్తే నేల మీద తాళం పడ్డప్పటి నుంచి పేరుకున్న దుమ్ము... ఒక్క అడుగు జాడ లేదు. చప్పుడు మాత్రం పైన ఒక అర నుంచి ఇంకో అరకు జరుగుతోంది. ఒక్క దూలం కూడా వదలకుండా. నేను గడప దాటాను. ఎందుకు దాటానో ఇప్పటికీ తెలియదు. కూలుతుందని నేనే చెప్పిన కప్పు కింద నేనే నిలబడ్డాను.

అది నా తల మీదికి వచ్చింది.

ఆగింది.

నేను మొదట కడ్డీతో తట్టిన చోటు అదే.

చాలాసేపు... ఏమీ లేదు. పక్కనున్న స్తంభానికి అరచెయ్యి ఆనించాను. అలవాటు. అప్పుడే... టక్. ఆ అదురు నా మోచేతి దాకా వచ్చింది. స్తంభం బరువు మోస్తోంది. ఎక్కడా వదులు లేదు. ఆసరాలు పెట్టే చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంతలో పైనుంచి ఒక చెక్క ముక్క, పిడికెడు మట్టి రాలాయి. టార్చి ఎత్తాను. గుండ్రంగా, నల్లగా... ఒక నోరు నన్నే చూస్తోంది. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. కేక వేశాను.

తర్వాత అర్థమైంది. కుండలు. చెక్కల పైన మట్టిలో బోర్లించి పేర్చిన ఖాళీ కుండలు. ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండాలని పెట్టుంటారు. బొదబొదమన్నది విడిపోయిన పొర కాదు. ఆ కప్పును కట్టడమే అలా కట్టారు. చెవి సరిగ్గానే విన్నది. బాయి లెక్క ఇంటికి వేసింది నేను.

పరుగున వెళ్లి లచ్చక్క తలుపు బాదాను.

"అక్కా, కుండలు! కుండలే!"

"నడిరాత్రి కుండలేందిరా... తాగినవా?"

చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, కొంగు బిగించుకుని నాతో నడిచింది. తెల్లారి జేసీబీ వచ్చేసరికి గడప మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం. సర్పంచి ముందు, ఊరి ముందు చెప్పాను, తప్పు నాదేనని. బండి తిరిగి వెళ్లిపోయింది. అధికారులు వచ్చారు. ఇంజనీరు ఇంకో రెండు చోట్ల చెక్క విప్పించి చూసి, ఇలాంటి పనితనం ఇప్పుడు ఎక్కడుంది అన్నాడు. కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. భవంతి ఇప్పుడు రక్షిత కట్టడం. స్తంభాల నీడలో మళ్లీ బీడీలు చుట్టే తునికాకు వాసన.

ఆ చప్పుడేమిటని ఇంజనీరును అడిగాను. వానకు కట్టె ఉబ్బి ఉంటుందన్నాడు. "కట్టినోడు అచ్చి సూసుకున్నడు, తియ్యి," అంటుంది లచ్చక్క. కట్టె ఉబ్బితే అలా వరుసగా నడుస్తుందా? కట్టినవాడే అయితే నేను తట్టి ఆగే లెక్క వాడికెలా తెలుసు? నాకు తెలియదు.

చీకటి పడ్డాక భవంతిలోకి వెళ్లాల్సి వస్తే మాత్రం, గడప దగ్గర ఒకసారి దగ్గుతాను. లోపల ఎవరైనా పనిలో ఉంటే... చెప్పకుండా వచ్చినట్టు ఉండకూడదు కదా.